పచ్చి ఇటుకల ఆఫీసు

సరోజమ్మ తక్కువ మాటల మనిషి. పుంగనూరులో ఆమెను ఎరిగినవాళ్ళు ముందు ఆ సంగతే చెబుతారు. పలకరిస్తే నవ్వుతుంది, రెండో మాటకు తల ఊపుతుంది, మూడో మాట అవతలివాళ్ళే ఆడుకోవాలి. పుట్టిల్లు కుప్పం పక్కన గుడుపల్లె. చదువు అంటే అక్షరాలు కూడబలుక్కునేంత. పెళ్ళయి చెంగయ్య వెంట పుంగనూరు వచ్చినప్పుడు, కుప్పం స్టేషన్లో రైలును ఎన్నోసార్లు చూసిందిగాని ఒక్కసారీ ఎక్కి ఉండలేదు.

చెంగయ్యకు కొంచెం సేద్యం ఉండేది, దానితోపాటు గోడలు కట్టే పని. రాతిగోడ కాదు, కాల్చిన ఇటుక గోడా కాదు. మన్ను తొక్కి, అచ్చులో పోసి, ఎండబెట్టిన పచ్చి ఇటుకల గోడ. ఆయన తాత కట్టాడు, నాన్న కట్టాడు, ఆయనా కట్టాడు. తాము ఉంటున్న మిద్దె కూడా అట్లా కట్టిందే. మందమైన గోడలు, చిన్న కిటికీలు, పైన వెలుతురుకూ వేడి పోవడానికీ ఒక గవాచి, దూలాల మీద చవుడుమన్ను. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బయటినుంచి వచ్చినవాళ్ళు గడప దాటగానే ‘అబ్బ’ అని నిలబడిపోయేవాళ్ళు.

ఇంట్లో ముగ్గురే. మూడో మనిషి అత్త అక్కమ్మ. పిల్లలు కలగలేదు. ఆ మాట ముగ్గురిలో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

డెబ్బైలు వచ్చేసరికి ఊళ్ళోకి సిమెంటు వచ్చింది, రేకులు వచ్చాయి. మట్టి అంటే లేనితనం అన్నట్టయింది. కూతురికి సంబంధం చూడాలన్నా ముందు ఇంటికి రేకులు వేసేవాళ్ళు. చెంగయ్యను గోడ కట్టమని పిలిచేవాళ్ళు తగ్గి, గొడ్లపాక మరమ్మతుకు పిలిచేవాళ్ళు మిగిలారు. ఆయన పోయేవాడు. వచ్చి కాళ్ళు కడుక్కుని, ‘ఈపొద్దు గొడ్డుకు మంచి ఇల్లు కట్టినా మే, మనుషులకు ఆ యోగం లేదు’ అని నవ్వేవాడు. ఒకసారి భూమి పనిమీద మదనపల్లె పోయి, కొత్తగా కట్టిన ఒక ఆఫీసులో పొద్దంతా కూర్చుని వచ్చాడు. నాలుగు పక్కలా కాంక్రీటు, పడమటి ఎండంతా అద్దాల్లోంచి లోపలికి, పైగా కరెంటు లేదు. ఆ గుమాస్తా చొక్కా పిండితే బిందె నిండుతుందని ఇంట్లో చెప్పి అక్కమ్మను నవ్వించాడు.

ఆ రోజుల్లోనే ఆ పక్కంతా పట్టుపురుగుల పెంపకం పెరిగింది. సరోజమ్మ కూడా ముందు గదిలో తట్టలు పెట్టింది. పట్టుపురుగు వేడికి ఓర్చుకోదు. చల్లగా ఉంటేనే తింటుంది, తింటేనే గూడు కడుతుంది. రైతులంతా ఒక సంఘం పెట్టుకుని, బజారులో ఒక రేకుల కొట్టు బాడుగకు తీసుకుని, పురుగుల గుడ్లు అక్కడినుంచే పంచేవాళ్ళు. ఆ రేకుల కింద గుడ్లు వేళకు ముందే పగిలేవి. పుట్టిన పురుగులు పుట్టినట్టే సోలిపోయేవి. సంఘానికి ఒక ఆఫీసు కావాలి, దానిలో గుడ్లకు చల్లని గది కావాలి. ఎనభై మూడో సంవత్సరంలో ఆ మాట పక్కా అయింది.

సంఘం ప్రెసిడెంటు కృష్ణప్ప బెంగుళూరు పోయి గోవిందరాజులు అనే ఇంజనీరును తీసుకొచ్చాడు. ఆయన పుట్టింది మదనపల్లెలోనే. పెద్ద చదువు చదివి, మళ్ళీ మట్టి, రాయి, సున్నం అని తిరుగుతున్న మనిషి. పురుగుల పెంపకం ఎట్లా ఉంటుందో చూపిద్దామని కృష్ణప్ప ఆయన్ను సరోజమ్మ ఇంటికి పిలుచుకొచ్చాడు. మిట్టమధ్యాహ్నం. ఇంజనీరు పురుగుల్ని చూశాడో లేదోగాని, గోడను అరచేత్తో తడిమాడు, తలెత్తి గవాచిని చూశాడు, ఎవరు కట్టారని అడిగాడు. చెంగయ్య మన్ను అంటిన చేతులు వెనక్కి దాచుకుని సిగ్గుపడిపోయాడు.

అట్లా మొదలైంది. మదనపల్లె రోడ్డు పక్కన సంఘానికి ఉన్న స్థలంలో, ఆ స్థలం మన్నుతోనే గోడలు లేపాలని నిర్ణయించారు. మన్ను తీసిన గుంత పూడ్చకుండా వాననీళ్ళకు వదలాలి. మిద్దెమీద పడిన చినుకు ప్రతిదీ ఆ గుంతలోకే దిగి, పక్కనున్న బావిలో ఊరాలి. ఉత్తరం పక్క పొడుగాటి వరండా, దానికి స్తంభాలుగా రాతి కూసాలు. పడమటి పక్క మనుషులు కూర్చోకూడదు. అక్కడ కాయితాల గది, సామాన్ల గది పెడితే ఎండ దెబ్బ అవే తింటాయి. కిటికీకి ఎదురు కిటికీ, పైన గవాచులు. గుడ్ల గది సగం నేలలోకి దిగి, చుట్టూ రెండు వరసల గోడలతో ఉండాలి. దూలాలకు ఒక్క చెట్టు కూడా కొట్టకూడదు. మదనపల్లెలో పడగొట్టిన ఒక పాత మిద్దె దూలాలు కొన్నారు. వాటిమీద పరచడానికి కుప్పం బండలు, బండల మీద సున్నపు గచ్చు. కరెంటు ఉన్నా లేకపోయినా లోపల రాసుకునేవాడికి వెలుతురు ఉండాలి, చెమట పట్టకూడదు. గోవిందరాజులు పట్టుదల అంతా అదే.

స్థలం మధ్యలో ఒక కానుగ చెట్టు ఉంది. ఇంజనీరు గీసిన గీతలో ఆఫీసు దానిని చుట్టి పోయింది.

“సెట్టుకు ఆఫీసు దావ ఇచ్చేది యాడన్నా సూసినావా మే?” అన్నాడు చెంగయ్య ఆ రాత్రి సంగటి ముద్ద తుంచుతూ. “ఆ సారుకు పిచ్చన్నా ఉండాల, లేకుంటే మా తాత ఆయన ఒంట్లో దూరన్నా ఉండాల.”

సరోజమ్మ పెళ్ళినాటినుంచి ఆయన అంత తిండి తినడం చూడలేదు.

సంఘంలో అందరికీ ఇది నచ్చలేదు. నారాయణస్వామి కృష్ణప్పకు దాయాది, సంఘంలో పెద్ద రైతు. చెడ్డవాడు కాదు. ఊరి పరువు గురించి అందరికంటే ఎక్కువ పట్టించుకునే మనిషి. రేపు పెద్ద ఆఫీసర్లు వస్తే పచ్చి ఇటుకల మధ్య కూర్చోబెడితే, వీళ్ళింతే అనుకోరా అన్నది ఆయన బాధ. వాదనలు జరిగీ జరిగీ, చివరికి ఆయనే పనిచేసే చోటికి వచ్చి అందరి ముందూ మాట తెగ్గొట్టాడు.

“ముంగారు వానకు ఈ గోడలు నిలిస్తే మొదటి టెంకాయ నేనే కొడతా చెంగయ్యా. కరిగినాయంటే మాత్రం ఊడ్చి పారేసి సిమెంటుతో కట్టేదే. మళ్ళా ఎవురూ మట్టి మాట ఎత్తకూడదు.”

చెంగయ్య సరేనన్నాడు. పచ్చి ఇటుక గోడకు ఎండ తగిలినా ఏమీ కాదు, పక్కవాటు జల్లు కొట్టినా ఏమీ కాదు. పైనుంచి నీళ్ళు దిగితేనే ప్రాణం పోతుంది. పైన మిద్దె కప్పితే నూరేళ్ళు ఉండేది, కప్పకుండా నాలుగు వానలు తడిస్తే కుప్ప కూలుతుంది. కాబట్టి పందెం అంతా మిద్దె దగ్గర ఉంది. వానకు ముందు దూలాలు ఎక్కాలి.

వైశాఖం చివర గోడలు పూర్తయ్యాయి. దూలాలు లారీలో దిగాయి. ఎత్తడానికి మనుషులు కూడా కుదిరాక, పంచాంగం చూసే స్వామి వద్దన్నాడు. ధనిష్ఠా పంచకం వచ్చింది. ఆ ఐదు రోజులూ కట్టె ముట్టకూడదు, ఇల్లు కప్పకూడదు. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఇంజనీరు సారు కూడా మీ పద్ధతి మీది అని బెంగుళూరు పోయాడు. కూలీలు ఇళ్ళకు పోయారు. చెంగయ్య ఒక్కడే రోజూ పోయేవాడు, గోడల తలలమీద తాటాకు చాపలు సర్దేవాడు. గాలికి జారితే మళ్ళీ సర్దేవాడు.

ఆ పంచకంలోనే ఒకరోజు సరోజమ్మ ఆయనకు సంగటి తీసుకుపోయింది. ఇంట్లో పురుగులు నాలుగో జరం లేచి ఉన్నాయి. మేత మాని నిద్రపోవడాన్ని జరం అంటారు, నాలుగోది లేచాక అవి ఎడతెగకుండా తింటాయి. కాబట్టి తొందరగా తిరిగిపోవాలని ఆమె ఆత్రం. చెంగయ్య వరండా వచ్చే చోట గోడ నీడలో చతికిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. చెంబు చేతికిస్తే పట్టుకోలేదు.

“పై వరసకు తడి తగలకుండా సూసుకోవాల మే,” అన్నాడు. “మబ్బు పట్టేట్టుండాది.”

ఆకాశంలో మబ్బు లేదు. ఆయన గోడకు తల ఆనించి, పక్కకు ఒరిగాడు. సరోజమ్మ పట్టుకుంది. పట్టుకున్న చేతులకే తెలిసిపోయింది.

ఆ పక్కల్లో మొగుడు పోతే పెళ్ళాం పెట్టే మొదటి కేకతోనే ఊరికి చావు తెలుస్తుంది. ఆ కేక ఎక్కడ లేచిందో అక్కడ మనిషి పోయినట్టు. సరోజమ్మ నోరు తెరిచింది. కేక గొంతుదాకా వచ్చింది. ఎదురుగా చాపలు కప్పిన గోడ తలలు కనబడ్డాయి, కుప్ప పోసిన దూలాలు కనబడ్డాయి. పంచకంలో మనిషి పోయిన చోటును ఆరు నెలలు పాడుపెట్టాలి. తలుపు వేసి, దీపం లేకుండా, మనిషి అడుగు పెట్టకుండా వదిలేయాలి. ఇంకొకటి కూడా ఉంది. బయట పోయిన మనిషిని సొంత ఇంటి గడపైనా దాటనివ్వరు. వీధిలోనే పడుకోబెడతారు. ఇవన్నీ ఆమె వరసగా ఆలోచించిందా అంటే లేదు. ఆలోచించే తీరిక ఎక్కడిది? నోరు మూసుకుంది, అంతే. పమిట కొంగు పళ్ళ మధ్య పెట్టుకుంది.

మునెప్ప అనే బండివాడు రోడ్డువారగా ఇసుక దించుతున్నాడు. సరోజమ్మ అక్కడికి పోయి, మామూలు గొంతుతో, “మునెప్పా, ఆయనకు మైకం కమ్మింది. బండి తిప్పుకోనిరాప్పా,” అంది.

ఇద్దరూ పట్టి ఎక్కించారు. మునెప్ప ఎడ్లను అదిలిస్తూ, “ఆసుపత్రికి తోలేదా అమ్మా?” అని అడిగాడు.

“ఇంటికే పోనీ.”

ఆ మాట విన్నాక మునెప్ప మళ్ళీ వెనక్కి తిరగలేదు. బజారు వచ్చింది, బజారు పోయింది, సందు మలుపు వచ్చింది, అతను ఎడ్ల కొమ్ముల వంకే చూస్తూ తోలాడు.

సరోజమ్మ చెంగయ్య తల ఒళ్ళో పెట్టుకుని కొంగుతో ముఖంమీద ఎండ పడకుండా పట్టుకుంది. దారిలో జనం ఉన్నారు. ఆమె ఆయనతో మాట్లాడుతూ పోయింది. ఇంకొంచెం దూరమే అనీ, ఇంటికి పోయినాక మజ్జిగ తాగుదువనీ, పురుగులకు ఆకు కోయాలనీ. ఆమె జన్మలో వరసగా అన్ని మాటలు ఆడింది ఆ ఒక్కరోజే. పక్కింటి పాపక్క ఆకు మోపుతో ఎదురొచ్చి ఏమైందని అడిగితే, ఎండకు సొమ్మసిల్లాడని చెప్పింది. బండి గుంతలో పడి లేచినప్పుడు ఆయన చేయి కదిలింది. బండి కుదుపుకే కదిలిందని ఆమెకు తెలుసు. అయినా ఆ చేతిని పట్టుకుని, ఏమోలే, ఎవరు చూశారు, ఇంకా ఉన్నాడేమో అనుకుంది. ఆ తర్వాత ఎన్నేళ్ళు గడిచినా ఆ ‘ఏమో’ను ఆమె పూర్తిగా వదులుకోలేదు.

నడవలో చాప పరిచి పడుకోబెట్టారు. అక్కమ్మ వచ్చి కొడుకు పాదాలు పట్టుకుంది. ఆ వీధిలో ఎవరు పోయినా నీళ్ళు పోయడానికి అక్కమ్మనే పిలుస్తారు. ఎంతమందిని చూసిందో ఆ చేతులకే ఎరుక. పాదాలు పట్టుకుని అట్లాగే ఉండి, తలెత్తి కోడలి ముఖంలోకి చూసింది.

అప్పుడు సరోజమ్మ నోటినుంచి కేక వచ్చింది. అంతసేపు అణిచిపెట్టినది కాబట్టి అది శోకంలాగా రాలేదు, ఏదో విరిగినట్టు వచ్చింది. వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది.

సాయంత్రానికి ఇంటిముందు పెద్దలు కూడారు. స్వామి పంచాంగం చూసి, పంచకమేనని తల పంకించాడు. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. దాన్ని అడిగింది నారాయణస్వామి. ఆయన కళ్ళు తడిగానే ఉన్నాయి.

“పడిపోయింది ఆఫీసు కాడనే కదప్పా? అట్లయితే ఆ గోడల్ని ముట్టేది లేదు. ఆరు నెలలు పాడుపెట్టల్ల.”

వాన ఆరు నెలలు ఆగదని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. కృష్ణప్ప నేల చూపు చూశాడు. అందరూ మునెప్ప వైపు తిరిగారు. తాను ఎడ్లను చూసుకుంటున్నానని, వెనక ఏం జరిగిందో చూడలేదని మునెప్ప చెప్పాడు. అది అబద్ధం కాదు. అప్పుడు అందరూ సరోజమ్మ వైపు చూశారు. ఆమెకు నోరు పెగల్లేదు. కేక ఒకటి పెట్టడం వేరు, పెద్దల ముందు మాటగా చెప్పడం వేరు.

గడపలోంచి అక్కమ్మ పలికింది.

“నా బిడ్డ నా ఇంటికొచ్చే పోయినాడు. నా సేతిలో కాళ్ళు పెట్టి పోయినాడు. పాడుపెడితే ఈ ఇల్లు పెట్టండి.”

తల్లి మాట మీద ఇంకెవరు మాట్లాడతారు? నారాయణస్వామి తల వంచి చేతులు జోడించాడు.

దినాలు అయ్యేదాకా అత్తాకోడళ్ళను ఆ ఇంట్లో ఉండనిచ్చారు. పురుగుల తట్టల్ని మాత్రం ఆరోజే పాపక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు తలమీద పెట్టుకుని తమ ఇళ్ళకు తీసుకుపోయారు. చోటు మారిన పురుగులు సగానికి పైగా గూడు కట్టకుండానే పోయాయి. దినాలు కాగానే గుడుపల్లెనుంచి సరోజమ్మ అన్న వచ్చాడు. గవాచి మీద బండ మూసి, తలుపుకు తాళం వేసి, ముగ్గురూ పలమనేరు మీదుగా కుప్పం బస్సు ఎక్కారు. అక్కమ్మ ఆ ఇంట్లోకి కోడలిగా వచ్చిన మనిషి. కిటికీలోంచి తల బయటపెట్టి, ఊరు దాటేదాకా వెనక్కే చూసింది.

గుడుపల్లెలో ఎవరూ వాళ్ళను ఒక మాట అనలేదు. అన్నయ్య మంచివాడు, వదిన ఉన్నదాంట్లో పెట్టగలిగినంత పెట్టేది. అయినా పరాయి ఇంట్లో కూర్చున్నట్టే ఉండేది. పొద్దున్నే వేరుశెనక్కాయలు ముందు పోసుకుని అత్తా కోడళ్ళిద్దరూ ఒలిచేవాళ్ళు. సరోజమ్మకు ఏడుపు రాలేదు. ఆ ఒక్క కేకతో ఉన్నదంతా పోయినట్టు లోపల ఒట్టిగా ఉండేది. సంత రోజున కృష్ణప్ప తాలూకు మనిషి కుప్పం బండలకు వచ్చి, దూలాలు ఎక్కాయని కబురు చెప్పాడు. ఇంకో సంతకు బండలు పరిచారని తెలిసింది. గచ్చు పడిందో లేదో తెలియక ముందే వాన మొదలైంది.

ఆ ఏడు వాన ఆగి ఆగి కొట్టింది. రాత్రుళ్ళు పెంకుల మీద చప్పుడు వింటూ సరోజమ్మకు రెండు మిద్దెలు కళ్ళముందు మెదిలేవి. ఒకటి ఆఫీసుది. రెండోది తమది. చవుడు మిద్దె అంటే పసిబిడ్డతో సమానం. వాన వెలిసినప్పుడల్లా ఎవరో ఒకరు పైకెక్కి, నెర్రెలు తొక్కి, నీళ్ళకు దారి చేయాలి. పాడుపెట్టిన ఇంటిమీదికి ఎవరెక్కుతారు? ఆఫీసు నిలిస్తే తమ ఇల్లు కూలుతుంది. అది ఆ సాయంత్రమే అత్తకు తెలుసు. తెలిసే చెప్పింది.

కానీ సరోజమ్మను నమిలింది ఇల్లు కాదు, ఇంకొక భయం. దోషమంటూ నిజంగా ఒకటి ఉంటే, అది ఇంటికి కాదు కదా పట్టింది? రేపు ఆ ఆఫీసులో ఎవరో గుమాస్తా కూర్చుంటాడు, ఎవరి బిడ్డో, ఎవరి మొగుడో. వాడికేమైనా అయితే? ఊళ్ళో అందరికీ మేలు జరగాలని కట్టిన చోట తానే ముల్లు నాటి వచ్చిందా? ఈ ఆలోచన వచ్చిననాటినుంచి ఆమెకు అన్నం సయించలేదు. చివరికి ఒక మధ్యాహ్నం కాయలు ఒలుస్తూ, తల ఎత్తకుండా అడిగేసింది.

“అత్తా, దోషం అబద్ధానికి మోసపోతాదా?”

అక్కమ్మ చేతిలో కాయ ఒలిచి, గింజలు చేటలో వేసి, పొట్టు ఊదింది.

“నువ్వు బండెక్కించేటప్పటికే వాడు లేడు. నాకు తెలుసు మే. వాడి కాళ్ళు పట్టుకుంటే తెల్దా?”

సరోజమ్మ చేతులు ఆగిపోయాయి.

“దోషానికి ఒక ఇల్లు కావాల. మనుషులు ఇడిసిపెట్టి ఏడ్సుకుంటా పోయిన ఇల్లు. ఇచ్చినాము కదా, మనదే ఇచ్చినాము. ఊరోళ్ళది యెత్తియ్యలేదు కదా. ఇంగేం కావాల దానికి?” అంది అక్కమ్మ. “నా బిడ్డను వీధిలో పండబెట్టకుండా లోపలికి తెచ్చినావు. ఆ పొద్దు నువ్వు ఆడ ఏడ్సింటే నేను నిన్ను జన్మలో చమించను” అని, ఇంకో గుప్పెడు కాయలు తీసుకుంది.

ఆమె చెప్పింది శాస్త్రంలో ఉందో లేదో సరోజమ్మకు తెలియదు. భయం పూర్తిగా పోయిందనీ చెప్పలేము. కాని ఆ రాత్రి అన్నం తినగలిగింది.

కార్తీకం దాటాక తిరిగి వచ్చారు. స్వామి శాంతి చేసి తలుపు తీయించాడు. ముందు గది, నడవ నిలిచి ఉన్నాయి. వెనక సగం లేదు. దూలాలు విరిగి, మిద్దె మన్నంతా వంటింట్లోకి దిగి, అందులో అప్పుడే పచ్చగా గడ్డి లేచి ఉంది. పొయ్యి ఎక్కడుండేదో గుర్తుపట్టడానికి కూడా లేదు. ఆకాశం నేరుగా కనబడుతోంది. అక్కమ్మ గడప దగ్గరే నిలబడి చూసింది.

“గవాచి సిన్నదని అంటా ఉన్నాడు ఎప్పుడూ,” అంది.

కొంతసేపటికి తానే, ఆఫీసు చూపించమంది. కొడుకు కట్టినంత కాలం అటు పోలేదు ఆమె. ఆడదానికి ఆఫీసుతో ఏం పని అనేది. మునెప్ప బండి కట్టాడు.

అది మిట్టమధ్యాహ్నం, కార్తీకం పోయినా ఎండ సూదుల్లా గుచ్చుతోంది. ఆఫీసు గోడలు ఎర్రగా, ఎక్కడా చెమ్మ మచ్చ లేకుండా నిలబడి ఉన్నాయి. వాననీళ్ళ గుంత సగానికి పైగా నిండి ఉంది, అందులో బాతులు కూడా చేరాయి. వరండాలో రైతులు గుడ్లకోసం కూర్చుని మాటలు చెప్పుకుంటున్నారు. లోపల గుమాస్తాలు రాసుకుంటున్నారు. ఊరంతా కరెంటు లేదు. లేదని లోపల ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

అక్కమ్మ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. ఒక గది చూసింది, రెండో గది చూసింది. కానుగ చెట్టువైపు తెరుచుకున్న కిటికీ దగ్గర గాలి మెల్లగా వస్తోంది. అక్కడ నేలమీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, గోడకు వీపు ఆనించింది. సరోజమ్మ పక్కన కూర్చుంది. గుమాస్తాల్లో ఒకడు ఏం కావాలని అడగబోయి, ఎవరో చెవిలో చెప్పాక తల దించుకున్నాడు.

చూస్తుండగానే అక్కమ్మ నిద్రపోయింది. గుడుపల్లెలో ఆరు నెలలూ ఆమె పగలు కన్ను మూయడం సరోజమ్మ చూడలేదు. రాత్రి కూడా మెలకువగానే ఉండేది. ఇప్పుడు నోరు కొంచెం తెరిచి, అందరి మధ్యలో, చిన్నగా గురక కూడా పెడుతోంది. సరోజమ్మకు నవ్వు వచ్చింది. ఆ వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి రావడం చూసి ఆమే ఆశ్చర్యపోయింది. తుడుచుకోలేదు, పోనిచ్చింది.

అప్పుడే నారాయణస్వామి ఎవరో ఆఫీసరును వెంటపెట్టుకుని వచ్చాడు. గదులన్నీ చూపిస్తూ, గొంతు పెంచి ఏదో చెబుతున్నవాడు, గోడవారగా నిద్రపోతున్న ముసలామెను చూసి ఆగాడు. గుమాస్తా లేచి ఆమెను లేపబోయాడు.

“ఉండనీప్పా,” అన్నాడు నారాయణస్వామి. “లేపబాకు.”

ఆఫీసరు ఎవరీమె అని అడిగాడు. నారాయణస్వామి గొంతు తగ్గించి చెప్పిన జవాబు సరోజమ్మకు వినబడలేదు. ఇద్దరూ మడమలు ఎత్తి నడుస్తూ పక్క గదిలోకి పోయారు.

సరోజమ్మ అత్తను నిద్రలోనే వదిలి, మెల్లగా లేచి బయటికి వచ్చింది. మునెప్ప ఎడ్లకు నీళ్ళు పెడుతున్నాడు.

“మునెప్పా, రేపు మా ఇంటి కాడికి ఎర్రమన్ను తోలాల,” అంది. “వెనకపక్కంతా మళ్ళా లేపల్ల.”

“ఎవురు కడతారమ్మా?”

“తొక్కేది నాకు తెలుసు. ఆయనతో ఎన్ని గోడలకు తొక్కలేదు? కట్టేది కూడా వస్తాది, సూస్తాం.”

మునెప్ప తొట్టిలోంచి తలెత్తి ఆమె వైపు చూశాడు. ఇన్ని నెలల్లో అతను ఆమె ముఖంలోకి నేరుగా చూడటం అదే మొదటిసారి.

“పొద్దున్నే వస్తా,” అన్నాడు.